పరిమాణమూ ప్రమాణమూ: కాన్‌బెరాలో తేలిన ఒక ప్రధాన సంఖ్య

2024 అక్టోబరులో ప్రపంచానికి తెలిసిన ప్రధాన సంఖ్యలలోకెల్లా పెద్దది ప్రకటితమైంది. రెండును 13,62,79,841 సార్లు గుణించి ఒకటి తీసివేస్తే వచ్చే ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని గురించి వచ్చిన వార్తలు చాలావరకు ఆ అంకెల లెక్క దగ్గరే ఆగిపోయాయి. అచ్చు వేస్తే ఎన్ని పుటలవుతుంది, చదవడానికి ఎన్ని రోజులు పడుతుంది, పాత రికార్డు కంటే ఎంత పెద్దది అన్నవే అందులోని విశేషాలు. ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే అని ఎలా తెలిసింది, ఆ తెలియడంలో సందేహానికి చోటుందా అన్న ప్రశ్నలు మాత్రం పాఠకుడి దాకా రాలేదు.

ఒక పెద్ద ప్రధాన సంఖ్య గురించి చెప్పదగిన విషయాల్లో దాని పొడవు అన్నిటికంటే తక్కువ విలువైనది. ఈ మాటను సమర్థించడానికి రికార్డులకు ఆమడ దూరంలో ఉన్న ఒక చిన్న సంఖ్య చాలు. దాని అంకెలు 62 మాత్రమే. అది 1980లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో జరిగిన ఒక గణనలో తేలింది. ఆస్ట్రేలియా, ప్రధాన సంఖ్యలు అనగానే నేటి పాఠకుడికి అడిలైడ్‌లో పుట్టిన టెరెన్స్ టావ్ గుర్తుకు రావడం సహజం. బెన్ గ్రీన్‌తో కలిసి 2004లో ఆయన నిరూపించిన సిద్ధాంతం ప్రధాన సంఖ్యల మందలన్నిటి గురించీ చెబుతుంది. ఇక్కడి కథ మాత్రం మందలోని ఒకే ఒక్క సంఖ్యది.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ ఆధారం

రెండు యొక్క ఘాతాలలో ఘాతాంకం కూడా రెండు యొక్క ఘాతమే అయినవాటిని తీసుకొని ఒకటి కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు. సున్నా నుంచి లెక్కపెడితే మొదటి ఐదూ వరుసగా 3, 5, 17, 257, 65,537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇటువంటివన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో పియర్ ద ఫెర్మా నమ్మాడు. నిరూపణ తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు.

ఆ వరుసలో తరువాతిది 429,49,67,297. దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. ఆయిలర్ ఒక్కొక్క సంఖ్యతో భాగించుకుంటూ పోయి 641 దగ్గర తగిలాడని అనుకోవడం పొరపాటు. ఈ సంఖ్యకు కారణాంకమంటూ ఉంటే అది 64 యొక్క గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయన గుర్తించాడు. ఆ షరతుకు లోబడేవి కొద్ది సంఖ్యలే. 641 అంటే 64 పదులు, పైన ఒకటి. తరువాత పందొమ్మిదో శతాబ్దంలో ఎడ్వార్డ్ లూకా ఈ షరతును ఇంకా బిగించాడు. ఎనిమిదవ ఫెర్మా సంఖ్య విషయంలో, ప్రతి ప్రధాన కారణాంకాన్నీ 1024తో భాగిస్తే శేషం ఒకటే మిగలాలి. ఈ చిన్న షరతు కాన్‌బెరా కథలో మళ్ళీ వస్తుంది.

రోగం తెలిసింది, చోటు తెలియలేదు

ఎనిమిదవ ఫెర్మా సంఖ్య 2²⁵⁶ + 1. అంకెలు 78. అది సంయుక్త సంఖ్య అని 1909లోనే మోర్‌హెడ్, వెస్టర్న్ అనే ఇద్దరు గణితజ్ఞులు చేతి లెక్కలతో తేల్చారు. ఒక్క కారణాంకం కూడా వారికి దొరకలేదు. కారణాంకం దొరక్కుండా సంయుక్తమని చెప్పడం ఎలా సాధ్యం? 1877లో పెపాఁ ఇచ్చిన పరీక్ష వల్ల అది కుదిరింది. ఫెర్మా సంఖ్యలో ఒకటి తగ్గించి సగం చేసి, మూడును ఆ ఘాతానికి హెచ్చించి, ఫెర్మా సంఖ్యతో భాగించాలి. వచ్చిన ఫలితానికి ఒకటి కలిపితే భాగహారం నిశ్శేషమవుతుందా అన్నదే పరీక్ష. అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే సంయుక్తం. మధ్యేమార్గం లేదు.

వైద్యంలో ఇటువంటి స్థితి పరిచితమే. రక్తపరీక్ష రోగం ఉందని నిస్సందేహంగా చెబుతుంది, ఏ అవయవంలో ఉందో చెప్పదు. ఎనిమిదవ ఫెర్మా సంఖ్య 71 సంవత్సరాలు ఈ స్థితిలో ఉంది. పద్నాలుగవది సంయుక్తమని 1963లో తేలితే, దాని మొదటి కారణాంకం 2010లో గాని దొరకలేదు. ‘ఉంది’ అని తెలియడం, ‘ఇదిగో’ అని చూపడం రెండూ వేరు వేరు జ్ఞానాలు. బడిలో నేర్చుకున్న నిర్వచనం, అంటే ఒకటీ తానూ తప్ప వేరే భాజకాలు లేనిది ప్రధాన సంఖ్య అన్నది, ఈ భేదాన్ని కప్పిపుచ్చుతుంది. భాజకాన్ని వెతకడమే ఏకైక మార్గమన్న భ్రమ ఆ నిర్వచనం వల్ల కలుగుతుంది.

చెరువు గట్టు మీది బాటసారి

రిచర్డ్ బ్రెంట్ మెల్‌బోర్న్‌లో పుట్టి, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితజ్ఞుడు. జాన్ పొలార్డ్ ఇంగ్లండుకు చెందినవాడు. వీరిద్దరూ 1980లో ఎనిమిదవ ఫెర్మా సంఖ్యను ఛేదించి, మరుసటి సంవత్సరం నాలుగు పుటల వ్యాసంగా ప్రకటించారు. వారు వాడిన పద్ధతికి మూలం 1975లో పొలార్డ్ ప్రతిపాదించిన ‘రో’ పద్ధతి. గ్రీకు అక్షరం ‘రో’కు ఒక తోక, ఒక చుట్టు ఉంటాయి. ఊరి బాట వెంట నడిచి వచ్చి, చెరువు గట్టు ఎక్కి, ఇక గట్టు చుట్టూనే తిరుగుతున్న బాటసారి అడుగుజాడలు అదే ఆకారంలో ఉంటాయి.

ఒక సంఖ్యతో మొదలుపెట్టి, దాన్ని ఒక సూత్రం ప్రకారం మార్చుతూ, ప్రతిసారీ పెద్ద సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటూ పోతే ఒక వరుస ఏర్పడుతుంది. ఆ వరుసనే అజ్ఞాతంగా ఉన్న చిన్న కారణాంకపు దృష్టితో చూస్తే, అది చాలా ముందుగానే చెరువు గట్టు ఎక్కి తిరగడం మొదలుపెడుతుంది. గట్టు మీద ఒకే చోట రెండుసార్లు పడిన అడుగుల భేదాన్ని పెద్ద సంఖ్యతో కలిపి గ.సా.భా. తీస్తే కారణాంకం బయటపడుతుంది. హైస్కూలు లెక్కల పుస్తకంలోని గ.సా.భా. ఇంత పని చేస్తుందని ఆ వయసులో ఊహించడం కష్టం. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజులు కలిసే అవకాశం సగానికి మించుతుందన్న లెక్కే దీనికి పునాది. అందువల్ల నడవవలసిన అడుగులు కారణాంకమంత కాక, దాని వర్గమూలం స్థాయిలోనే ఉంటాయి.

బ్రెంట్ చేసిన మెరుగులు రెండు. గట్టు చుట్టు పూర్తయిందని కనిపెట్టే విధానాన్ని మార్చి, మొత్తం శ్రమను సుమారు 24 శాతం తగ్గించడం మొదటిది. రెండవది, పొలార్డ్‌తో కలిసి చేసినది, అంతకంటే లోతైనది. కారణాంకాన్ని 1024తో భాగిస్తే శేషం ఒకటన్న పాత షరతును వారు వరుసను మార్చే సూత్రంలోకే ఎక్కించారు. సంఖ్యను వర్గం చేయడానికి బదులు 1024వ ఘాతానికి హెచ్చిస్తే బాటసారి తిరగగల చోట్లు వెయ్యోవంతుకు తగ్గుతాయి, అడుగులు సుమారు ముప్ఫైరెండో వంతుకు తగ్గుతాయి. మూడున్నర కోట్ల స్థాయి పది లక్షల స్థాయికి దిగింది. యూనివాక్ 1100 శ్రేణి కంప్యూటరు మీద సుమారు రెండు గంటల్లో 16 అంకెల కారణాంకం దొరికింది: 1238926361552897.

యంత్రబలం పెరిగింది కాబట్టి సంఖ్య లొంగిందని చెప్పే కథనాలు ఇక్కడ దారి తప్పుతాయి. లూకా పెట్టిన షరతు లేకపోతే ఆ యంత్రం ముప్ఫై రెట్లు అడుగులు వేయవలసి వచ్చేది. అదే సమయంలో ఒక పరిమితినీ గుర్తించాలి. ఈ సంఖ్య లొంగడానికి దాని చిన్న కారణాంకం 16 అంకెలదే కావడం ముఖ్య కారణం. అది 30 అంకెలదై ఉంటే అదే పద్ధతి, అదే యంత్రం నిస్సహాయమయ్యేవి.

ఆ 16 అంకెలను గుర్తుంచుకోవడానికి ఒక ఆంగ్లవాక్యాన్ని కూర్చారు. అందులోని ఒక్కొక్క పదంలో ఉన్న అక్షరాల సంఖ్యే వరుసగా ఒక్కొక్క అంకె. కటపయాది పద్ధతిలో అంకెలను అక్షరాలలో దాచిన సంప్రదాయం ఎరిగినవారికి ఇది పాత చుట్టరికంలా తోస్తుంది. కాని ఆ వాక్యం చిన్న కారణాంకానికే దక్కింది. కారణాంక విభజన చరిత్రను చెప్పేవారు కూడా చాలామంది అక్కడే ఆగిపోతారు. మిగిలిన భాగఫలం వారికి చెత్తబుట్టలోని కాగితం వంటిది. నిజానికి అసలు ప్రశ్న ఆ భాగఫలంలోనే ఉంది.

62 అంకెల మిగులు

ఆ భాగఫలం ఇది: 93461639715357977769163558199606896584051237541638188580280321.

ఇది ప్రధాన సంఖ్యా, లేక దీనికీ కారణాంకాలున్నాయా? ఆ ప్రశ్నకు జవాబు లేనంతవరకు ఎనిమిదవ ఫెర్మా సంఖ్య విభజన సగం పనే. భాజకాలను వెతుకుతూ పోతే, సెకనుకు కోటి కోట్ల కోట్లలో వెయ్యోవంతు, అంటే ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని భాగహారాలు చేసినా మూడు లక్షల సంవత్సరాలు పడుతుంది. కెనడాకు చెందిన హ్యూ విలియమ్స్ దీన్ని ప్రధాన సంఖ్యగా నిరూపించాడు. విభజన సంపూర్ణమైంది అప్పుడే.

ఇప్పుడు అదే నిరూపణను ఇంకా తేలికగా చెప్పవచ్చు. ఈ సంఖ్యలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేదాని ప్రధాన కారణాంకాలు తెలుసు: రెండు యొక్క 11వ ఘాతం, 3, 5, 7, 13, 14 అంకెల 31618624099079, 43 అంకెల 1057372046781162536274034354686893329625329. వీటి ఆధారంగా నిరూపించే మార్గాన్ని లూకా చూపాడు. దాని సారం 13 అనే చిన్న సంఖ్య మీద చూడవచ్చు. 12కు ప్రధాన కారణాంకాలు 2, 3. రెండు యొక్క 12వ ఘాతం 4096, దాన్ని 13తో భాగిస్తే శేషం 1. కాని 12ను 2తో భాగించగా వచ్చే 6వ ఘాతానికి శేషం 12, 3తో భాగించగా వచ్చే 4వ ఘాతానికి శేషం 3. అంటే 12వ ఘాతానికి ముందు శేషం ఎక్కడా ఒకటి కాలేదు. కనుక రెండు యొక్క ఘాతాలు 12 వేర్వేరు శేషాలను ఇచ్చాయి. వాటిలో ఏ ఒక్కదానికీ 13తో ఉమ్మడి భాజకం లేదు. 1 నుంచి 12 దాకా ఉన్న అన్ని సంఖ్యలకూ 13తో ఉమ్మడి భాజకం లేదంటే 13 ప్రధాన సంఖ్య కాక తప్పదు. 62 అంకెల సంఖ్యకూ ఇదే వాదన. రెండుకు బదులు తగిన మరొక సంఖ్యను ఎంచుకోవాలి, అంతే. 43 అంకెల కారణాంకం ప్రధానమేనా అన్న ప్రశ్నకు మళ్ళీ అదే ప్రక్రియ. ఇలా కిందికి దిగుతూ 2, 3, 5 దాకా వచ్చే వంశవృక్షమే ఆ సంఖ్యకు ప్రమాణపత్రం.

రెండుకు బదులు మరొకటి ఎందుకు అన్నచోట ఈ సంఖ్య యొక్క విచిత్ర లక్షణం బయటపడుతుంది. ఇది 2²⁵⁶ + 1ను నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, రెండు యొక్క ఘాతాలను దీనితో భాగించి శేషాలు తీస్తే 512 అడుగుల్లోనే వరుస మొదటికి వచ్చేస్తుంది. 62 అంకెల విస్తారంలో రెండుకు దొరికింది 512 చోట్లే. ఒకటిని ఈ సంఖ్యతో భాగించి ద్విసంఖ్యామానంలో రాస్తే 512 అంకెలకొకసారి అదే వరుస పునరావృతమవుతుంది. చాలా ప్రధాన సంఖ్యలకు ఈ పునరావృత్తి ఆ సంఖ్యతో పోల్చదగినంత దీర్ఘంగా ఉంటుంది. ఫెర్మా సంఖ్య గర్భంలోంచి వచ్చిన ఆనవాలు ఇలా పిల్ల సంఖ్యలోనూ నిలిచింది. ఇటువంటి లక్షణాన్ని అంకెల పొడవు సూచించలేదు.

పెద్దదే కఠినమా?

ఎనిమిదవదాని తరువాత తొమ్మిదవది, ఆపైన పదవది లొంగాలని అనుకోవడం సహజం. చరిత్ర అలా నడవలేదు. 617 అంకెల పదకొండవ ఫెర్మా సంఖ్యను బ్రెంట్ 1988లోనే కాన్‌బెరాలో పూర్తిగా విభజించాడు. 155 అంకెల తొమ్మిదవది 1990లో, 309 అంకెల పదవది 1995లో, మళ్ళీ బ్రెంట్ చేతుల్లోనే, లొంగాయి. కారణం తేలికైనదే. 1985లో హెండ్రిక్ లెన్‌స్ట్రా ఇచ్చిన ఎలిప్టిక్ వక్రాల పద్ధతిలో శ్రమ ఆధారపడేది మొత్తం సంఖ్య పొడవు మీద కన్నా, కారణాంకాలలో రెండవ పెద్దదాని పొడవు మీద ఎక్కువ. పదకొండవదానిలో అది 22 అంకెలది, పదవదానిలో 40 అంకెలది, తొమ్మిదవదానిలో 49 అంకెలది. పదకొండవదానిలో చివరికి మిగిలిన 564 అంకెల సంఖ్య ప్రధానమని ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా మొరాఁ నిరూపించాడు.

దీనికి పక్కనే ఇంకొక సంఖ్యను పెట్టి చూడాలి. రహస్యలిపి పరిశోధకులకు సవాలుగా ప్రకటించిన ఆర్‌ఎస్‌ఏ-2048 కూడా సరిగ్గా 617 అంకెలదే. అది ఈనాటికీ లొంగలేదు, ఎందుకంటే దాని రెండు కారణాంకాలూ 309 అంకెలవి. ఒకే పొడవున్న రెండు సంఖ్యల్లో ఒకటి 1988లో విడిపోయింది, మరొకటి ఇంకా మూసిన తలుపే. పొడవు గణితపరమైన కాఠిన్యానికి కొలత అయ్యుంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

‘దాదాపు ఖాయం’ ఎక్కడ మోసం చేస్తుంది

ఇంత నిరూపణ అవసరమా, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఖాయమైతే చాలదా అని అడగవచ్చు. ఆచరణలో లోకం అలాగే నడుస్తున్నది. బ్యాంకు లావాదేవీలను కాపాడే తాళాలలోని ప్రధాన సంఖ్యలను ఎక్కువగా మిల్లర్-రాబిన్ వంటి సంభావ్యతా పరీక్షలతోనే ఎంచుకుంటారు. సంయుక్త సంఖ్య ఒక పరీక్షలో తప్పించుకునే అవకాశం నాలుగోవంతుకు మించదు. ఇరవై ముప్ఫై సార్లు పరీక్షిస్తే ఆ అవకాశం లెక్కకు రానంత చిన్నదవుతుంది.

ఈ లెక్క వెనుక ఒక షరతు ఉంది. పరీక్షకు వాడే ఆధార సంఖ్యలు యాదృచ్ఛికంగా ఎంచుకున్నవై ఉండాలి. ఆ షరతు తప్పితే ఏమవుతుందో ఫెర్మా సంఖ్యలే చెబుతాయి. ఫెర్మా పేరుతోనే ఉన్న సరళ పరీక్షను రెండు ఆధారంగా చేస్తే ప్రతి ఫెర్మా సంఖ్యా నెగ్గుతుంది. 641 భాగించే సంఖ్య నెగ్గుతుంది, బ్రెంట్, పొలార్డ్ విడగొట్టిన సంఖ్యా నెగ్గుతుంది. మూడు ఆధారంగా పెపాఁ పరీక్ష చేస్తేనే గుట్టు బయటపడుతుంది. 1995లో ఫ్రాంస్వా ఆర్నో 397 అంకెల సంయుక్త సంఖ్య ఒకటి నిర్మించాడు. 307కు లోపలి ప్రధాన సంఖ్యలన్నిటినీ ఆధారాలుగా తీసుకొని మిల్లర్-రాబిన్ పరీక్ష చేసినా అది పట్టుబడదు. 2018లో ఆల్‌బ్రెష్ట్, మాసిమో, పాటర్‌సన్, సొమొరొవ్‌స్కీ అనే నలుగురు పరిశోధకులు వాడుకలో ఉన్న రహస్యలిపి సాఫ్ట్‌వేర్లను పరిశీలించి, వాటిలో కొన్ని ఉద్దేశపూర్వకంగా తయారుచేసిన సంయుక్త సంఖ్యలను ప్రధానమని అంగీకరిస్తున్నాయని చూపారు.

యాదృచ్ఛికంగా వచ్చే రోగుల మీద ఒక పరీక్ష ఎంత నమ్మదగినదైనా, నమూనాను కల్తీ చేసి తెచ్చినవాడి ముందు ఆ నమ్మకానికి అర్థం లేదు. దొరికిన సంఖ్య వేరు, ఎవరో తెచ్చి చేతిలో పెట్టిన సంఖ్య వేరు. రెండో సందర్భంలో అడగవలసింది ‘ఎన్ని పరీక్షలు నెగ్గింది’ అని మాత్రమే కాదు, ‘ప్రమాణపత్రం ఏది’ అని. 2002లో కాన్పూరు ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా సంభావ్యతతో పని లేని వేగవంతమైన పరీక్ష సిద్ధాంతపరంగా సాధ్యమని నిరూపించిన తరువాత, నిరూపణ అసాధ్యమన్న సాకు కూడా మిగల్లేదు.

రికార్డుకు న్యాయం

2024 నాటి సంఖ్యను తక్కువ చేయడం ఈ విమర్శ ఉద్దేశం కాదు. అది కూడా నిరూపితమైనదే. మొదట సంభావ్యతా పరీక్షలో నెగ్గి, తరువాత లూకా-లెహ్మర్ పరీక్షతో నిస్సందేహంగా స్థిరపడింది. నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు అది సాధ్యమైంది దాని ప్రత్యేక రూపం వల్లనే. రెండు యొక్క ఘాతంలో ఒకటి తక్కువైన సంఖ్యలకు మాత్రమే ఆ పరీక్ష వర్తిస్తుంది. రికార్డు ప్రధాన సంఖ్యలు ఎక్కువగా ఈ కుటుంబానివే కావడానికి కారణం, ఇంకే కుటుంబంలోనూ నిరూపణ ఇంత చవకగా దొరకకపోవడం. దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆ వార్త గణితవార్త అయ్యేది. చెప్పకపోవడం వల్ల అది బరువులెత్తే పోటీ వార్తగా మిగిలింది.

కాన్‌బెరాలో తేలిన 62 అంకెల సంఖ్యకు అటువంటి ప్రత్యేక రూపం లేదు. అది ఒక భాగహారంలో మిగిలిన సంఖ్య. అందుకే దాని ప్రధానత్వాన్ని విడిగా స్థాపించవలసి వచ్చింది. ఆ సంఖ్య ఏ తాళంలోనూ లేదు, ఏ రికార్డు పట్టికలోనూ లేదు. కాని పైన ఇచ్చిన ఏడు కారణాంకాలను గుణించి ఒకటి కలిపితే అదే సంఖ్య వస్తుందా, దాన్ని 1238926361552897తో గుణిస్తే 2²⁵⁶ + 1 వస్తుందా అన్నది ఇంట్లోని మామూలు కంప్యూటరు మీద హైస్కూలు విద్యార్థి కూడా సరిచూసుకోవచ్చు. 1909 నాటి ఇద్దరి చేతి లెక్కను, 1980 నాటి రెండు గంటల యంత్రశ్రమను, విలియమ్స్ నిరూపణను ఆ విద్యార్థి ఎవరి మాట మీదా ఆధారపడకుండా తిరిగి పొందగలడు. ఆ సంఖ్య లక్షణాలలో లోకానికి అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చేది అదే.